బల్లమీది విజయంత

సోమశిలలో ట్యాంకు అనే మాటకు ఒకటే అర్థం. అది నీటిని నిలువచేసేది. వెలిగొండల నడుమ పెన్నానదికి అడ్డంగా కట్టిన ఆనకట్ట, దాని వెనుక 78 టీఎంసీల నీటిని పట్టగల జలాశయం, దిగువన కాలువలు, ఇళ్లమీద నల్లని ప్లాస్టిక్ తొట్లు, ఇవన్నీ కన్నులెదుట ఉన్న ఊరిలో ఆ మాటకు మరొక అర్థం స్ఫురించడం కష్టమే. అందువల్లనే వీధి అరుగుమీద కూర్చుని చెక్కముక్కను ఆకురాయితో అరగదీస్తున్న ముసలాయనను చూసి, పొలానికి పోతున్న రైతు ఒకరు ఆగి అడిగాడు.

"ఏం చేస్తా ఉండావు మామా?"

"ట్యాంకు."

"ఇంత చిన్నదాంట్లో ఎన్ని నీళ్లు పడతాయి మామా?"

ముసలాయన నవ్వి ఊరుకున్నాడు. ఆ రైతు ప్రశ్నలో తప్పులేదు. యుద్ధరథానికి ఆ పేరు వచ్చిందే నీటి తొట్టి నుంచి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లండు రహస్యంగా ఒక కొత్త యంత్రాన్ని తయారు చేస్తుండగా, దాని స్వరూపం శత్రువుకు తెలియకూడదని, అది నీళ్లు మోసే తొట్టి అని ప్రచారం చేశారు. 1915 చివరలో అలా పెట్టిన మారుపేరే శాశ్వతమైపోయింది. ట్యాంకు అనే ఇంగ్లీషు మాట సైతం గుజరాతీ, మరాఠీ భాషలలో నీటి తొట్టిని తెలిపే మాట నుంచి వెళ్లిందని కొందరు నిఘంటుకారులు భావిస్తారు. ఆ లెక్కన సోమశిల రైతు పలికిన అర్థమే పాతది. ముసలాయన చేతిలోని అర్థం కొత్తది.

ఆయనను ఊరివారు హవల్దారు తాత అంటారు. వయస్సు డెబ్బై దాటింది. 1972లో సైన్యంలో చేరి, సికిందరాబాదులోని ఎలక్ట్రికల్ అండ్ మెకానికల్ ఇంజనీర్స్ శిక్షణ కేంద్రంలో వాహనాల మరమ్మతు నేర్చుకున్నాడు. ఇరవై రెండేళ్లు ట్యాంకులకు వైద్యం చేశాడు. పదవీ విరమణ తరువాత సొంత ఊరు చేరి, రైతుల మోటార్లకు తీగ చుట్టే దుకాణం పెట్టుకున్నాడు. ఆ దుకాణాన్ని కొడుకుకు అప్పగించిన నాటి నుంచి ఆయనకు మిగిలిన పని ఈ బొమ్మలే. పని అనడానికి జీతం లేదు. వ్యాపారం అనడానికి అమ్మకం లేదు. కాలక్షేపం అందామంటే, అంత శ్రద్ధగా కాలక్షేపం చేసేవారు అరుదు.

ఆయన మొదటి ట్యాంకును చేసింది సైన్యంలో కాదు, బడిలో. ఆ రోజులలో పల్లె పిల్లలకు బొమ్మలు కొనిపెట్టే వారు లేరు. జొన్నదంటును చీల్చి, లోపలి బెండుకు తుమ్మముళ్లు గుచ్చి, ఎవరి బండిని వారే కట్టుకునేవారు. దర్జీ పారేసిన కర్ర దారపు ఉండ దొరికిననాడు పండుగే. ఉండ రెండు అంచులను పళ్లుగా గాట్లు పెట్టేవారు. నడిమి రంధ్రంలో రబ్బరు బ్యాండును దూర్చి, ఒక కొసను అగ్గిపుల్ల ముక్కతో కదలకుండా బిగించేవారు. రెండవ కొసకు కొవ్వొత్తి బిళ్లను, దానిపైన పొడుగాటి పుల్లను అమర్చి గట్టిగా మెలిపెట్టేవారు. నేలమీద విడిస్తే రబ్బరు మెలి విప్పుకుంటూ ఉండను దొర్లించేది. మైనపు బిళ్ల కొద్దిగా జారుతూ ఆ వేగాన్ని అదుపులో ఉంచేది. పళ్ల అంచులు పట్టు చిక్కించుకోగా, ఆ బొమ్మ అడ్డుగా పెట్టిన పుస్తకాన్ని సైతం ఎక్కి దిగేది. మెలిపెట్టిన రబ్బరులో శక్తి దాగి ఉంటుందని పిల్లలకు ఎవరూ పాఠం చెప్పలేదు. వేళ్లే ఆ సంగతిని తెలుసుకున్నాయి.

సికిందరాబాదులో అసలు ట్యాంకును తొలిసారి చూసినప్పుడు ఆయనకు ఆ దారపు ఉండే గుర్తుకు వచ్చిందట. ఆ ట్యాంకు పేరు విజయంత. చెన్నైకి దగ్గరలోని ఆవడి భారీ వాహనాల కర్మాగారం నుంచి 1965లో వెలువడటం మొదలైన యంత్రం అది. మూలం ఇంగ్లండులోని వికర్స్ సంస్థ నమూనా. బరువు సుమారు 39 టన్నులు. ఫిరంగి గొట్టం 105 మిల్లీమీటర్లది. ఒక్కొక్క పక్క ఆరు చక్రాలు, వాటిని చుట్టి ఉక్కు లంకెల పట్టా. ఇంజనులో ఆరు సిలిండర్లు, ఒక్కొక్క సిలిండరులో ఎదురెదురుగా కదిలే రెండేసి పిస్టన్లు. అంతటి యంత్రం లోపల మనుషులకు మిగిలిన చోటు మాత్రం నాలుగు ఆసనాలు. పైన తిరిగే గోపురంలో కమాండరు, గురి చూసేవాడు, గుండు నింపేవాడు ఉంటారు. ముందు భాగాన, ఒంటరిగా, డ్రైవరు ఉంటాడు. అతని తలమీద ఒక ఉక్కు మూత. లోనికి పోవాలన్నా, బయటికి రావాలన్నా అతని సొంత దారి అదే.

హవల్దారు తాత చేసే ట్యాంకులు దాదాపు అన్నీ విజయంతలే. పట్టణాలలో ఈ అలవాటు ఉన్నవారు డబ్బాలో వచ్చే ప్లాస్టిక్ భాగాలను కొని అతికిస్తారు. ఆ విద్యకు ప్రపంచంలో పెద్ద పేరు జపానుది. షిజువోకా నగరంలోని తమియా సంస్థ 1946లో కలప కోత మిల్లుగా మొదలై, కర్ర నమూనాలు చేసి, 1960 ప్రాంతంలో ప్లాస్టిక్‌కు మారింది. అది తొలినాళ్లలో చేసిన ఒక జర్మను ట్యాంకు నమూనాలో మోటారు, బ్యాటరీలు పట్టవలసి వచ్చింది. వాటికి తగినట్టు బొమ్మను పెంచి, తరువాత కొలిచి చూస్తే అది అసలు ట్యాంకులో ముప్పై అయిదవ వంతు అని తేలింది. అవసరం కొద్దీ పుట్టిన ఆ కొలతనే నేటికీ ప్రపంచమంతటా ట్యాంకు నమూనాలు చేసేవారు పాటిస్తున్నారు.

తాత పాటించేదీ ఆ కొలతే. ఆయన సామగ్రి మాత్రం ఉదయగిరిది. ఉదయగిరి దుర్గం కొండల కలపతో చెంచాలు, ముళ్ల గరిటెలు, దువ్వెనలు చెక్కే కళ తరతరాలుగా అక్కడి కుటుంబాలలో నిలిచి ఉంది. భౌగోళిక గుర్తింపు కూడా పొందిన కళ అది. నర్ది, బిక్కి వంటి కర్రలు అందుకు వాడతారు. చెంచాలకు పనికిరాక మిగిలిన తునకలను తాత అడిగి తెచ్చుకుంటాడు. ఆ కర్ర సన్నని పోగులు గలది. ఎంత పలుచగా కోసినా అంచు విరగదు. అక్కడి పనివారి చేతిలో తిరిగే రంపం, ఉలి, ఆకురాయి, గరుకు కాగితమే ఇక్కడ ఆయన పనిముట్లు. వారు అన్నం వడ్డించే గరిటెను చేస్తారు. ఆయన ఫిరంగిని చేస్తాడు. కర్రకు ఆ భేదం తెలియదు.

ఆ కొలతలో పని చేయడమంటే లెక్కలతో కాపురం చేయడమే. విజయంత మొండెం పొడవు దాదాపు 7 మీటర్ల 92 సెంటీమీటర్లు. బల్లమీద అది 22 సెంటీమీటర్లకు కొద్దిగా మించుతుంది. 3 మీటర్ల 17 సెంటీమీటర్ల వెడల్పు 9 సెంటీమీటర్లకు తగ్గుతుంది. అయిదున్నర అడుగుల మనిషి చిటికెనవేలంత అవుతాడు. నమూనాలో ఒక మిల్లీమీటరు తప్పు జరిగితే, అసలు ట్యాంకులో మూడున్నర సెంటీమీటర్ల తప్పు జరిగినట్టు లెక్క. "మూడున్నర సెంటీమీటర్లు పక్కకు పోయిన చక్రాన్ని మా ఆఫీసరు ఒప్పుకునేవాడా?" అని తాత తనను తానే ప్రశ్నించుకుని, అతికించిన చక్రాన్ని ఊడదీసేవాడు.

కట్టడంలో ఆయనకు ఒక క్రమం ఉంది. ముందు మొండెం, పిదప చక్రాలు, ఆపైన గోపురం. చక్రాలన్నీ ఒకే ఎత్తున నేలను తాకుతున్నాయా అని అద్దం పలకమీద పెట్టి చూస్తాడు. ఒక్కటి గాలిలో తేలినా మళ్లీ మొదటికి వస్తాడు. పట్టాలకు సైకిలు ట్యూబు రబ్బరును కోసి, ఒక్కొక్క లంకెకు సన్నని చెక్క బిళ్లను అంటిస్తాడు. సందులు నింపడానికి రంగులవారి లప్పం కంటె కొండపల్లి వారి మక్కు మేలంటాడు. కొండపల్లి బొమ్మల పనివారు తెల్లపొణికి కర్రతో వేర్వేరుగా చెక్కిన కాలుసేతులను మొండానికి అతకడానికి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి చేసుకునే ముద్ద అది. కర్రతో కర్ర పొడి కలిసిన అతుకు గనుక, ఆరిన పిమ్మట గరుకు కాగితంతో రుద్దితే జాడ తెలియదు.

మూసివేసిన తరువాత కనబడని లోపలి భాగాలను కూడా ఆయన చేస్తాడు. నాలుగు ఆసనాలు, గుండ్ల అర, డ్రైవరు ముందరి రెండు మీటలు. పైకప్పు అంటించగానే అవన్నీ చీకటిలోకి పోతాయి. చూడవచ్చినవారు ఎవరూ వాటి సంగతి అడగరు. అన్నిటికంటె ఎక్కువ కాలం ఆయన ఖర్చు చేసేది డ్రైవరు మూతమీద. అది బొటనవేలి గోటికంటె కొంచెం పెద్దది. దానిని మొండానికి అంటించేస్తే పది నిమిషాల పని. ఆయన మాత్రం గుండుసూది చుట్టూ సన్నని రాగితీగను చుట్టి, ఆ చుట్టను రెండు ముక్కలుగా కోసి, ఒకటి మూతకు, ఒకటి మొండానికి అతికి, సూదినే ఇరుసుగా దూర్చి నిజమైన బందును తయారు చేస్తాడు. వేలిగోరు తగిలిస్తే మూత లేస్తుంది. వదిలితే దిగుతుంది. ఒక్కొక్క బందుకు రెండు రోజులు పట్టేది.

"ఈ ఒక్క మూతే ఎందుకు తెరుచుకోవాలి తాతా? మిగతావి అంటించేస్తావు గదా?" అని మనుమరాలు ఒకసారి అడిగింది. ఆ పిల్ల ఆత్మకూరులో పదవ తరగతి చదువుతోంది. సెలవులలో తాత అరుగే ఆమె బడి. తాత బదులు చెప్పలేదు. గరుకు కాగితం అందించమన్నాడు.

రంగు వేయడం ఆమెకు ఎక్కువ ఇష్టమైన ఘట్టం. మొదట ప్రైమరు పూత. అది కర్ర పోగులను అణచి, తరువాతి రంగుకు పట్టునిస్తుంది. ఆరిన తరువాత ఆలివ్ పచ్చ. అయితే అసలు ట్యాంకుకు వేసిన రంగును ఉన్నదున్నట్టు వేస్తే, బొమ్మ అసలు దానికంటె నల్లగా కనిపిస్తుంది. అందుకని రంగులో కాస్త తెలుపు కలపాలి. ఆపైన ముదురు రంగును నీళ్లలా పలుచన చేసి పారిస్తే, అది సందులలోకి, మేకుల చుట్టూ చేరి నీడలను ఏర్పరుస్తుంది. తరువాత కుంచెను గుడ్డకు తుడిచి, దాదాపు పొడిగా అయిన కుంచెతో అంచులను మాత్రం తేలికగా రాస్తే, అరిగిన ఉక్కు మెరుపు తేలుతుంది. చివరకు దుమ్ము. పెన్న ఇసుకను పాతచీర గుడ్డలో జల్లించి, అందులోని మెత్తని పొడిని జిగురు నీటిలో కలిపి చక్రాలకు పూస్తారు. రాజస్థాన్ ఎడారిలో తిరిగిన బండికి సోమశిల దుమ్ము అంటుతుంది.

"కొత్తగా మెరిసే ట్యాంకు అందంగా ఉండదా?" అన్నది మనుమరాలు.

"మెరిసే ట్యాంకు పని చేయని ట్యాంకు. తుప్పు ఎక్కడ పడుతుంది, నూనె ఎక్కడ కారుతుంది, బూటు ఎక్కడ ఆనుతుంది, ఇవి తెలిస్తేనే రంగు వేయగలవు" అన్నాడు తాత.

పని చేస్తున్నంతసేపు ఆయన నోట కథలు దొర్లేవి. నిజాం సేవలో 1790లో ఏర్పడిన అశ్వదళం నుంచి వచ్చిన దక్కన్ హార్స్ పటాలం కథ వాటిలో ఒకటి. 1916 జూలై 14న ఫ్రాన్సులోని సొమ్మ్ యుద్ధభూమిలో, హై వుడ్ అనే అడవి దగ్గర ఆ పటాలపు రౌతులు గుర్రాలమీద, బల్లేలు పట్టుకుని, మరతుపాకులకు ఎదురుగా దూకారు. రెండు నెలల తరువాత, సెప్టెంబరు 15న, అదే సొమ్మ్ భూమిమీద ప్రపంచంలో మొదటిసారి ట్యాంకులు కదిలాయి. తరువాతి కాలంలో దక్కన్ హార్స్ వారే గుర్రం దిగి ట్యాంకు ఎక్కారు. 1945లో బర్మాలోను, 1965లో పంజాబులోని అసల్ ఉత్తర్‌లోను షెర్మన్ ట్యాంకులతో పోరాడారు. "గుర్రానికి జబ్బు చేస్తే కంట నీరు పెడుతుంది. రౌతుకు తెలిసిపోతుంది. ఇనుము చెప్పదు. దాని జబ్బును మనమే వెదికి పట్టుకోవాలి" అని తాత ఆ కథను ముగించేవాడు.

ఊరిలోని ఒక ఉపాధ్యాయుడు అరుగుమీద కూర్చుని ఒకనాడు సూటిగానే ప్రశ్నించాడు. "మనుషులను చంపే యంత్రాన్ని ఇంత ముద్దుగా చేసి పిల్లలకు చూపించడం న్యాయమేనా?" తాత నొచ్చుకోలేదు. కొంతసేపు ఆలోచించి, "నేను దానిని కాల్చలేదు అయ్యవారూ, బాగుచేశాను. అందులో కూర్చునే నలుగురూ సాయంత్రానికి దిగి రావాలని బాగుచేశాను. నాకు తెలిసిన ట్యాంకు అదే" అన్నాడు. ఉపాధ్యాయునికి ఆ సమాధానం పూర్తిగా సరిపోలేదు. ప్రశ్న ఇద్దరి మధ్య అలాగే నిలిచింది. అయినా ఆయన రావడం మానలేదు.

2021 నవంబరులో పెన్నకు మహా వరద వచ్చింది. జలాశయం దిగువన కట్టిన ఆప్రాన్ దెబ్బతిన్నది. ఆ వారం రోజులు ఊరంతా నీటి హోరును వింటూ నిద్ర కాచింది. వరద తీసిన తరువాత తాత కర్ర పోటు వేసుకుంటూ వెళ్లి, పగిలిన కాంక్రీటును చాలాసేపు చూసి వచ్చాడు. కట్టినప్పుడు చూడటానికి వందలమంది వస్తారని, మరమ్మతు చేసే రోజున ఎవరూ రారని ఆయన ఇంటికి వచ్చి అన్నాడు.

ఆ తరువాత ఏడాదికో, రెండేళ్లకో ఆయన చేతులకు వణుకు వచ్చింది. ముందు కుంచె వణికింది. తరువాత శ్రావణం. సూదిని రాగిచుట్టలో దూర్చడం అసాధ్యమైంది. అప్పటికి ఒక విజయంత పూర్తి అయి, అలమరలో ఆరుతోంది. వణుకు ముదరకముందు చేసిన చివరి బొమ్మ అది. బందు కూడా పూర్తిగా తన చేతులతోనే చేశాడు. ఒక రాత్రి చెదలు తిన్న అలమర పలక విరిగి, ఆ ట్యాంకు బండమీద పడింది. ఫిరంగి గొట్టం ఊడింది. ఎడమ పట్టా తెగింది. రెండు చక్రాలు చిట్లాయి. డ్రైవరు మూత బందుతో సహా పెరికివేసినట్టు వచ్చేసింది.

వేసవి సెలవులకు వచ్చిన మనుమరాలు ముక్కలన్నీ తుడిచి పళ్లెంలో పెట్టుకుంది. మరమ్మతు కొత్తది చేయడంకంటె కష్టమని ఆమెకు అప్పుడు తెలిసింది. కొత్తదానిలో చెక్క మన మాట వింటుంది. విరిగినదానిలో మనమే విరుపు మాట వినాలి. పాత జిగురును గీకివేయాలి. చిట్లిన పోగుల దిశను చూసి, అవి ఒకదానిలో ఒకటి ఇమిడేటట్టు అతకాలి. కొత్తగా వేసిన రంగు పాత రంగులో కలిసేటట్టు దుమ్మును మళ్లీ పూయాలి. తాత పక్కన కూర్చుని చెబుతుంటే ఆమె వేళ్లు కదిలాయి. ఎనిమిది రోజులలో గొట్టం నిలిచింది. పట్టా కలిసింది. చక్రాలు అద్దం పలకమీద సమంగా ఆనాయి. మిగిలింది మూత.

తాత మూతను వణికే వేళ్లతో పట్టుకుని చూశాడు. "ఇది నావల్ల కాదు. నీకు ఇంకా చేతకాదు. జిగురు పెట్టి అంటించెయ్యి. ఫరవాలేదు" అన్నాడు. ఆయన నోట ఆ మాటను ఆమె అంతకుముందు విన్నది లేదు. అయినా అలసిపోయి ఉన్నందున, ఫెవికాల్ రాసి మూతను అంటించివేసింది.

ఆ బొమ్మను ఒకరికి పంపాలని తాత మరునాడు చెప్పాడు. పాత మిత్రుడొకరు ఫోనులో చిరునామా సంపాదించి ఇచ్చాడట. తమిళనాడులోని వేలూరు దగ్గర పల్లెటూరు. అందులో పెట్టడానికి జాబు కావాలి. తన చేయి రాయనివ్వదు గనుక మనుమరాలిని రాయమన్నాడు. వారిద్దరికీ ఉమ్మడి భాష సైన్యంలో నేర్చిన హిందీయే. ఆమె బడిలో నేర్చుకున్న హిందీతో తాత చెప్పినది చెప్పినట్టు రాయసాగింది.

క్షేమ సమాచారాల తరువాత తాత గొంతు నెమ్మదించింది. రాజస్థాన్‌లో యుద్ధ శిక్షణ జరుగుతున్న కాలం. ఒక ఉదయం ట్యాంకులను పరీక్షించే పని ఆయనది. ఒక ట్యాంకులో డ్రైవరు మూత బందు బిగుసుకుని ఉంది. ఇసుక, తుప్పు చేరాయి. విప్పి శుభ్రం చేయాలంటే గంట పడుతుంది. బండ్లు బయలుదేరబోతున్నాయి. కొంచెం నూనె వేసి, రెండుసార్లు బలంగా లాగి, "ఫరవాలేదు, సాయంత్రం చూద్దాం" అన్నాడు. మధ్యాహ్నం ఆ ట్యాంకులో ఒక వైరు కాలి లోపలంతా పొగ కమ్మింది. గోపురంలోని ముగ్గురూ పైకి దూకారు. డ్రైవరు మూత తెరుచుకోలేదు. బయటినుంచి గడ్డపారలు వేసి లేపి, అతన్ని బయటికి లాగేసరికి స్పృహ లేదు. ప్రాణం దక్కింది. ఊపిరితిత్తులు దెబ్బతిని, ఆ యువకుడు ఉద్యోగం వదిలి ఇంటికి పోయాడు. విచారణలో వైరు సంగతి తేలింది. బందు సంగతి ఎవరూ అడగలేదు. మెకానిక్కు కూడా చెప్పలేదు.

"ఆ మెకానిక్కును నేనే. ఈ సంగతి నీకు తెలియాలి. ఇన్నాళ్లు చెప్పకపోవడం మొదటి తప్పుకంటె పెద్దది" అని రాయించి, తాత ఆగిపోయాడు. మనుమరాలు కలం పట్టుకుని అలాగే కూర్చుంది. తాను అడిగిన ప్రశ్నకు జవాబు ఇంతకాలానికి, మరొకరికి రాసిన జాబులో దొరికింది. తాత చేసిన ప్రతి ట్యాంకులోనూ ఆ ఒక్క మూత తెరుచుకుంటుంది. ఇప్పుడు వేలూరుకు పోబోతున్న దానిలో మాత్రం తెరుచుకోదు.

ఆమె ఏమీ అనలేదు. ఆ రాత్రి గుడ్డను గోరువెచ్చని నీటిలో తడిపి మూతమీద కప్పింది. ఫెవికాల్ నీటికి మెత్తబడుతుంది. గంట గంటకు గుడ్డ మార్చి, బ్లేడు మొనతో అంచులను కొద్దికొద్దిగా విడదీసి, తెల్లవారేసరికి మూతను చెక్కుచెదరకుండా ఊడదీసింది. తడికి అక్కడక్కడ రంగు లేచిపోయింది. మర్నాడు దుకాణంలో మిగిలిన రాగితీగను తెచ్చి, గుండుసూదికి చుట్టడం మొదలుపెట్టింది. మొదటి చుట్ట వదులైంది. రెండవది సూదికి పట్టేసింది. మూడవది మూతకు అతికేటప్పుడు వంకర పోయింది. తాత పక్కనుంచి రెండుసార్లు "చాల్లేమ్మా" అన్నాడు. మూడవసారి అనలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, "తీగను సూదికి కాదు, సూదికంటె ఒక వెంట్రుక లావు ఉన్న దబ్బనం మొనకు చుట్టు. అప్పుడు సూది దానిలో తిరుగుతుంది" అన్నాడు.

నాలుగు రోజులు పట్టింది. అయిదవ రోజు ఆమె గోరు తగిలించగానే మూత లేచింది. వదలగానే దిగింది. తాత వేలిని తెప్పించి ఆనించింది. ఆ వేలు వణుకుతూనే మూతను లేపింది. ఆయన పదిసార్లు తెరిచి, పదిసార్లు మూశాడు. బందు చుట్టూ ఆమె వేసిన కొత్త రంగు పాత రంగులో పూర్తిగా కలవలేదు. తెలిసినవారు చూస్తే అక్కడ మరమ్మతు జరిగిందని గుర్తుపట్టగలరు. దానిని సరిదిద్దనా అని ఆమె అడిగితే, తాత వద్దన్నాడు. అది దాచవలసిన మరమ్మతు కాదన్నాడు.

అట్టపెట్టెలో దూది పరచి, ట్యాంకును మూత తెరిచి ఉంచి, మడత పెట్టిన జాబుతో కలిపి కట్టారు. కుదుపులకు బందు బిగుసుకోకుండా మూత కింద కూడా కొంచెం దూది పెట్టింది ఆ పిల్ల. ఆత్మకూరు పోస్టాఫీసుకు పోవడానికి తాతా మనుమరాలు బస్సు ఎక్కారు. ఒడిలో పెట్టెను పదిలంగా పట్టుకుని కూర్చున్న పిల్లను చూసి, కండక్టరు ఏముందని అడిగాడు.

"ట్యాంకు" అన్నది ఆమె.

"నీళ్ల ట్యాంకా?"

"కాదు. లోపల మనుషులు ఉంటారు" అని చెప్పి, ఆమె పెట్టెను మరికొంత దగ్గరికి తీసుకుంది. బస్సు జలాశయాన్ని వెనుక వదిలి ఆత్మకూరు దారి పట్టింది.